పదిహేను జతల మొక్కజొన్న, నాలుగు పరీక్షలు

చార్లెస్ డార్విన్ 1876లో వెలువరించిన ఒక గ్రంథంలో మొక్కజొన్న ఎత్తుల పట్టిక ఒకటి ఉంది. పరపరాగ సంపర్కంతో కట్టిన గింజ నుంచి వచ్చిన మొక్కనూ, స్వపరాగ సంపర్కంతో కట్టిన గింజ నుంచి వచ్చిన మొక్కనూ జతగా ఒకే కుండీలో ఎదురెదురుగా పెంచి, రెండింటి ఎత్తులూ కొలిచి రాసిన లెక్క అది. కుండీలు నాలుగు, జతలు పదిహేను. మొదటి కుండీలోని మొదటి జతలో పరపరాగపు మొక్క 23½ అంగుళాలు పెరిగితే స్వపరాగపు మొక్క 17⅜ అంగుళాల దగ్గర ఆగిపోయింది. రెండో జతలో వ్యవహారం తిరగబడింది: 12 అంగుళాల పరపరాగపు మొక్కకు ఎదురుగా 20⅜ అంగుళాల స్వపరాగపు మొక్క నిలిచింది. అంగుళంలో ఎనిమిదో వంతును కొలతగా పెట్టుకుని, పరపరాగపు మొక్క ఎత్తులోంచి స్వపరాగపు మొక్క ఎత్తును తీసివేస్తే పదిహేను తేడాలు కుండీల వరుసలో ఇలా వస్తాయి: 49, −67, 8, 16, 6, 23, 28, 41, 14, 29, 56, 24, 75, 60, −48.

పదమూడు చోట్ల ధన సంఖ్య, రెండు చోట్ల రుణ సంఖ్య. ఈ పదిహేను సంఖ్యలను చూసి, కొలవని మొక్కల గురించి, ఇంకా మొలకెత్తని గింజల గురించి ఏం చెప్పవచ్చు, ఎంత గట్టిగా చెప్పవచ్చు అన్నదే గణాంక అనుమితి చేతికెత్తుకునే ప్రశ్న. అంచనా, పరికల్పన పరీక్ష, అపరామితీయ పద్ధతులు (సంఖ్యలు ఏ ఆకారంలో చెదురుతాయో ముందే ఊహించనివి) అంటూ పాఠ్యపుస్తకాలు విడివిడి అధ్యాయాలుగా చెప్పే విషయాలన్నీ ఈ చిన్న పట్టిక మీద ఒకదానికొకటి ఎదురుపడతాయి. పైగా ఇక్కడ అవి ఒకే మాట చెప్పవు. అందుకే ఈ పట్టికకు అంత విలువ.

డార్విన్ తన కొలతలను మేనత్త కొడుకు వరుస అయిన ఫ్రాన్సిస్ గాల్టన్‌కు చూపించాడు. గాల్టన్ రెండు రకాల మొక్కలనూ వేరు చేసి, ఒక్కో గుంపును పొడవు నుంచి పొట్టికి వరసగా పేర్చి, పైనున్నదాన్ని పైనున్నదానితో పోల్చి చూశాడు. మొక్కజొన్న విషయంలో ఇంత తక్కువ కొలతలతో పనికొచ్చే నిర్ణయానికి రావడం అనుమానమేననీ, రకానికి కనీసం యాభై మొక్కలైనా ఉండాలనీ ఆయన అభిప్రాయపడ్డాడు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 1935లో, గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఇదే పట్టికను తీసుకుని, గాల్టన్ పేర్పులో ప్రయోగపు ప్రాణమే పోయిందని చూపించాడు. డార్విన్ మొక్కలను జతగా నాటడంలో ఉద్దేశం ఉంది: ఒకే కుండీలో, ఒకే మట్టిలో, ఒకే నీటితో పెరిగిన రెండు మొక్కల మధ్య తేడా తీస్తే కుండీకీ కుండీకీ మధ్య ఉండే వ్యత్యాసం ఆ తీసివేతలోనే కొట్టుకుపోతుంది. గుంపులుగా విడదీసి ఎత్తుల వారీగా పేరిస్తే ఏ మొక్కకు ఏది జతో తెలియకుండా పోయి, ఆ లాభం చేజారుతుంది. ఏ సూత్రం వాడాలన్న ఆలోచన కన్నా ముందు, సంఖ్యలు ఏ ఏర్పాటులోంచి వచ్చాయన్నది చూడాలి.

మొదట అంచనా సంగతి. తేడాల మొత్తం 314, కాబట్టి అంకమధ్యమం 20.93, అంటే సుమారు 2.62 అంగుళాలు. ఇది ఈ పదిహేను జతల సగటు మాత్రమే. ఇలాంటి జతలను లెక్కలేనన్ని పెంచితే వచ్చే అసలు సగటు ఎంతో ఎవరికీ తెలియదు, 20.93 దానికి ఒక అంచనా. మరో పదిహేను జతలు పెంచి ఉంటే ఇంకో సంఖ్య వచ్చేది. ఆ సంఖ్య ఎంత అటూ ఇటూ అవుతుందో తేడాల చెదురుదనాన్ని బట్టే లెక్కగట్టవచ్చు. ఈ తేడాల ప్రామాణిక విచలనం 37.74, దాన్ని పదిహేను వర్గమూలంతో భాగిస్తే సగటుకు ఉన్న ప్రామాణిక దోషం 9.75 అవుతుంది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అన్న కలం పేరుతో ప్రచురించిన వ్యాసం పరిష్కరించిన చిక్కు సరిగ్గా ఇక్కడిదే. కొలతలు వందల్లో ఉన్నప్పుడు విచలనం అంచనాలోని తప్పును పట్టించుకోకపోయినా నడిచిపోతుంది గానీ, పదీ పదిహేను కొలతలప్పుడు ఆ తప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకు గంట ఆకారంలో ఉండే నార్మల్ విభాజనం (విలువలు ఎక్కడెక్కడ ఎంతెంత తరచుగా వస్తాయో చెప్పే తీరు) బదులు కాస్త మందమైన కొసలున్న టి విభాజనం కావాలి. ఆ విభాజనం ప్రకారం 95 శాతం విశ్వాస అంతరం 0.03 నుంచి 41.84 వరకు, అంటే అంగుళాల్లో సుమారు 0.004 నుంచి 5.23 వరకు వస్తుంది.

ఈ అంతరానికి అర్థం చెప్పడంలో చాలామంది తడబడతారు. అసలు సగటు ఈ రెండు సంఖ్యల మధ్య ఉండే సంభావ్యత 95 శాతం అని కాదు. అసలు సగటు ఒక స్థిర సంఖ్య, అది ఈ అంతరంలో ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ ప్రయోగాలు చేసి అంతరాలు కట్టుకుంటూ పోతే నూటికి తొంభై ఐదింటిలో అసలు సగటు లోపల పడుతుందన్నదే 1930లలో గణాంక శాస్త్రవేత్త జెర్జీ నేమన్ ఇచ్చిన హామీ. హామీ పద్ధతికి చెందినది, చేతిలో ఉన్న ఈ ఒక్క అంతరానికి కాదు. ఇది మాటల గారడీలా అనిపించవచ్చు గానీ, మొక్కజొన్న పట్టికలో ఈ భేదం పైకే కనబడుతుంది: కింది కొస అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు, పై కొస అయిదు అంగుళాలకు పైన. పరపరాగ సంపర్కం వల్ల మొక్క ఏమీ ఎదగలేదన్నా దాదాపుగా సరిపోయే అంతరం ఇది, అయిదు అంగుళాలు ఎదిగిందన్నా సరిపోయే అంతరం. సున్నా మాత్రం వెంట్రుకవాసిలో బయట పడింది.

సగటే ఎందుకు, మధ్యగతం ఎందుకు కాకూడదు అన్న ప్రశ్న సహజం. తేడాలను చిన్నది నుంచి పెద్దదానికి పేరిస్తే నడుమ ఉన్న ఎనిమిదో సంఖ్య 24, అంటే సరిగ్గా 3 అంగుళాలు. సగటు 2.62, మధ్యగతం 3. −67, −48 అన్న రెండు పెద్ద రుణ సంఖ్యలు సగటును కిందికి లాగాయి, మధ్యగతాన్ని లాగలేకపోయాయి. రెండింటిలో ఏది మెరుగైన అంచనా అన్నదానికి జవాబు చెప్పాలంటే, ఏ అంచనా అయినా అందుకోగల ఖచ్చితత్వానికి ఒక హద్దు ఉందా అన్నది ముందు తేలాలి. ఆ హద్దును చూపించినవారిలో ముందు వరుసలో ఉన్నది ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా, పెద్ద ప్రతిరూపాలకు (ఎక్కువ కొలతలున్న నమూనాలకు) ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న ప్రతిరూపాలకు కూడా వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నుంచి పుట్టిన ఆ ఫలితం 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయింది. స్వీడన్‌కు చెందిన హారల్డ్ క్రామెర్ దాన్ని వేరుగా కనుగొనడంతో క్రామెర్–రావు హద్దు అన్న పేరు స్థిరపడింది. పక్షపాతం లేని (సగటున అసలు విలువ దగ్గరే నిలిచే) ఏ అంచనా అయినా, దత్తాంశంలో, అంటే చేతిలోని కొలతల్లో, దాగిన సమాచారపు విలోమం కన్నా తక్కువ విస్తృతితో (చెదురుదనంతో) ఉండలేదని ఆ ఫలితం చెబుతుంది. ఎంత తెలివైన సూత్రం కనిపెట్టినా పదిహేను జతల్లో లేని సమాచారాన్ని పిండలేమన్నమాట. రావుగారికి ఇందుకు గాను అంతర్జాతీయ గణాంక బహుమతి దక్కింది 2023లో, ఆయన నూట రెండేళ్ల వయసులో.

తేడాలు నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తే సగటు ఆ హద్దును సరిగ్గా తాకుతుంది, మధ్యగతం తాకదు. పెద్ద ప్రతిరూపాల లెక్కలో మధ్యగతపు సామర్థ్యం 2/π, అంటే సుమారు 64 శాతం. పదిహేను జతల మధ్యగతం తొమ్మిది పది జతల సగటుతో సమానమని ఉజ్జాయింపుగా చెప్పుకోవచ్చు. కానీ నార్మల్ అన్న ఊహ చెడితే పరిస్థితి తారుమారవుతుంది. నడుమ సూదిమొనలా ఉండి కొసలు మందంగా సాగే లాప్లాస్ విభాజనంలో మధ్యగతమే సగటుకు రెట్టింపు సామర్థ్యంతో పనిచేస్తుంది. కనుక ఏది మెరుగన్న ప్రశ్నకు జవాబు దత్తాంశం వచ్చిన విభాజనాన్ని బట్టి మారుతుంది. ఆ విభాజనం ఏదో పదిహేను సంఖ్యల నుంచి తేల్చడం దాదాపు అసాధ్యం. అపరామితీయ పద్ధతుల అవసరం పుట్టేది ఈ ఇరుకులోనే.

ఇప్పుడు పరీక్ష. రెండు రకాల మొక్కల ఎదుగుదలలో అసలు తేడాయే లేదనుకుందాం. ఇది శూన్య పరికల్పన. అదే నిజమైతే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత పెద్ద సగటు తేడా, అటు గానీ ఇటు గానీ, వచ్చే సంభావ్యత ఎంత? ఆ సంభావ్యతనే పి విలువ అంటారు. 20.93ను 9.75తో భాగిస్తే టి విలువ 2.148, దానికి తగిన పి విలువ 0.0497. ఫిషర్ వాడుకలోకి తెచ్చిన 5 శాతం గీతకు ఇది కొద్దిగా కింద పడింది. శూన్య పరికల్పన నిజమయ్యే సంభావ్యత 5 శాతమని దీన్ని చదవడం తప్పు. ఆ పరికల్పనను నిజమని ముందే పెట్టుకుని లెక్కగట్టిన సంఖ్య దాని నిజానిజాలకు సంభావ్యత ఎలా అవుతుంది? అయినా ఈ తప్పు ఎంత సర్వసాధారణమంటే, 2016లో అమెరికా గణాంక సంఘం పి విలువల మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన చేయవలసి వచ్చింది.

ఇక్కడ రెండు సంప్రదాయాలు కలగాపులగమయ్యాయి. ఫిషర్ దృష్టిలో పి విలువ సాక్ష్యపు బలాన్ని సూచించే కొలత. గీత ఎక్కడ గీయాలన్నది సందర్భాన్ని బట్టి శాస్త్రవేత్త నిర్ణయించుకోవలసిన సంగతి. నేమన్, ఈగన్ పియర్సన్‌లు 1933లో వేరే దారి తొక్కారు. శూన్య పరికల్పనతో పాటు దానికి ప్రత్యామ్నాయాన్నీ ముందే నిర్దేశించి, నిజమైన శూన్య పరికల్పనను తోసిపుచ్చే తప్పును ఒక హద్దులో ఉంచి, తప్పుడు పరికల్పనను వదిలేసే తప్పును వీలైనంత తగ్గించే పరీక్షను వెతకాలన్నారు. అందులో 5 శాతం గీత ముందే కుదుర్చుకున్న నియమం, 0.0497 వచ్చినా 0.0001 వచ్చినా చేయవలసిన పని ఒకటే. నేటి పరిశోధనా వ్యాసాల్లో చాలావరకు ఫిషర్ పి విలువను రాసి, నేమన్–పియర్సన్‌ల గీతతో కొలిచి, రెండింటిలో ఏ ఒక్కటీ హామీ ఇవ్వని ముగింపుకు వస్తుంటాయి.

టి పరీక్ష నార్మల్ విభాజనపు ఊహ మీద నడుస్తుంది. ఆ ఊహ లేకుండా ఇదే ప్రశ్నను అడగవచ్చని చూపించడానికి కూడా ఫిషర్ మొక్కజొన్న పట్టికను వాడుకున్నాడు. తర్కం సూటిగా ఉంటుంది. రెండు రకాల మధ్య నిజంగా తేడా లేకపోతే, మొదటి జతలో వచ్చిన 49 అన్న తేడా +49గా రావడానికీ −49గా రావడానికీ సమానావకాశం ఉండాలి. ఏ గింజ ఏ వైపు పడిందన్నదే గుర్తును నిర్ణయిస్తుంది. పదిహేను జతలకూ ఇలాగే. అంటే గుర్తులను రెండు విధాల చొప్పున మార్చుకుంటూ పోతే మొత్తం 2 ఘాతం 15, అంటే 32,768 ఏర్పాట్లు వస్తాయి, అన్నీ సమసంభావ్యాలు. వాటిలో మొత్తం 314 గానీ అంతకు మించి గానీ వచ్చేవి 863 అని ఫిషర్ లెక్కించాడు. అవతలి వైపు కూడా కలిపితే 1,726. భాగహారం చేస్తే 5.27 శాతం. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇది ఎంత శ్రమతో కూడిన లెక్కో ఊహించుకోవచ్చు. ఫలితం టి పరీక్ష ఇచ్చిన 4.97 శాతానికి ఇంత దగ్గరగా రావడాన్ని ఫిషర్ టి పరీక్షకు సమర్థనగా చూశాడు: నార్మల్ ఊహ కొంచెం చెడినా పెద్దగా ముంచుకొచ్చేదేమీ లేదని. అదే రెండు సంఖ్యలను 5 శాతం గీతను మాత్రమే పట్టుకుని చూసేవాడి ముందు పెడితే, ఒకటి ఫలితాన్ని సార్థకమంటుంది, అంటే గీతను దాటిందంటుంది, రెండోది కాదంటుంది. సాక్ష్యంలో మార్పేమీ లేదు. మారిందల్లా మూడు వెయ్యో వంతులు.

మరింత సరళమైన పరీక్ష గుర్తుల పరీక్ష. తేడా ఎంతో వదిలేసి, ధనమా రుణమా అని మాత్రమే చూడటం. ఇది అన్నిటికన్నా పాతది కూడా. లండన్‌లో వరుసగా 82 ఏళ్ల బాప్తిస్మ రిజిస్టర్లలో ప్రతి ఏడాదీ ఆడపిల్లల కన్నా మగపిల్లలే ఎక్కువగా నమోదయ్యారని చూసి, జాన్ ఆర్బత్నాట్ 1710లో ½ ఘాతం 82 అన్న లెక్క కట్టాడు. అంత చిన్న సంభావ్యత యాదృచ్ఛికం కాజాలదనీ, కనుక అది దైవ సంకల్పమనీ తేల్చాడు. మొదటి సగం నేటికీ చెక్కుచెదరని తర్కం. రెండో సగం, పరికల్పనను తోసిపుచ్చగానే తనకు నచ్చిన కారణం నిరూపితమైపోయిందనుకునే అలవాటుకు తొలి ఉదాహరణ, ఆ అలవాటు ఇంకా పోలేదు. మొక్కజొన్న పట్టికలో పదిహేనింటికి రెండు రుణ గుర్తులు. నాణెం పదిహేనుసార్లు ఎగరేస్తే రెండు గానీ అంతకు తక్కువ గానీ బొరుసులు పడే ఏర్పాట్లు 1 + 15 + 105, అంటే 121. రెండు వైపులా కలిపి 242. దాన్ని 32,768తో భాగిస్తే పి విలువ 0.0074.

ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉన్నది ఫ్రాంక్ విల్‌కాక్సన్ పరీక్ష. అమెరికన్ సయనమిడ్ సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్న ఆయన 1945లో కొద్ది పేజీల వ్యాసంలో దీన్ని ప్రతిపాదించాడు. తేడాలను గుర్తు పట్టించుకోకుండా చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి, 1 నుంచి 15 వరకు కోటి సంఖ్యలు (ర్యాంకులు, అంటే వరుసలోని స్థానాలు) ఇవ్వాలి: 6కు 1, 8కి 2, 14కు 3, అలా 75కు 15. రుణ సంఖ్యలైన 48, 67లకు 10, 14 కోటులు వస్తాయి. వాటి మొత్తం 24. శూన్య పరికల్పన కింద ఆ మొత్తం 24 గానీ తక్కువ గానీ అయ్యే ఏర్పాట్లు 676. రెండు వైపులా 1,352. పి విలువ 0.0413.

మొత్తానికి ఒకే పదిహేను సంఖ్యల నుంచి నాలుగు జవాబులు: 0.0497, 0.0527, 0.0413, 0.0074. ఇవి పరస్పర విరుద్ధాలు అనుకోవడం పొరపాటు. టి పరీక్ష, ప్రస్తార పరీక్ష (గుర్తులు మార్చి చూసిన ఫిషర్ పరీక్ష) రెండూ సగటును చూస్తాయి. గుర్తుల పరీక్ష మధ్యగతాన్ని చూస్తుంది. విల్‌కాక్సన్ పరీక్ష, తేడాల విభాజనం తన నడుమకు అటూ ఇటూ సమరూపంగా ఉందన్న ఊహతో, ఆ నడుమ సున్నాయా కాదా అని చూస్తుంది. అపరామితీయం అంటే ఊహలే లేని పద్ధతి అని అర్థం చేసుకునేవారు ఈ సమరూపత షరతును తరచూ మరచిపోతారు. గుర్తుల పరీక్ష ఎందుకు అంత ధీమాగా మాట్లాడిందో కూడా చూడాలి. పరపరాగ సంపర్కానికి వ్యతిరేకంగా ఈ పట్టికలో ఉన్న సాక్ష్యమంతా రెండు జతల్లో, వాటి పరిమాణంలోనే ఉంది. పరిమాణాన్ని పక్కనబెట్టిన పరీక్ష ఆ సాక్ష్యాన్నే పక్కనబెట్టింది. కాబట్టి 0.0074ను చూసి సంబరపడటానికి పెద్దగా ఏమీ లేదు.

మరోవైపు ఆ రెండు జతలు టి పరీక్షను ఎంత నలిపాయో చూస్తే అపరామితీయ పద్ధతుల బలం అర్థమవుతుంది. −67 ఉన్న జతను తీసేసి మిగతా పద్నాలుగింటితో లెక్కిస్తే టి విలువ 2.15 నుంచి 3.40కి ఎగబాకుతుంది. అలా తీసేయడానికి ప్రయోగంలో ఏ కారణమూ నమోదు కాలేదు గనుక తీసేయకూడదు. కానీ ఒక్క జత మీద ముగింపు ఇంతగా ఊగిసలాడుతోందన్న సంగతి దాచకూడదు. ఇప్పుడు ఎదురు దిశలో, అచ్చుతప్పు వల్ల −67 కాస్తా −670 అయిందనుకుందాం. తేడాల మొత్తం 314 నుంచి −289కి పడిపోయి, సగటు ఏకంగా రుణ సంఖ్య అయిపోతుంది. గుర్తుల పరీక్షలో ఒక్క అంకె కూడా కదలదు. విల్‌కాక్సన్ పరీక్షలో ఆ జత కోటి 14 నుంచి 15కు మారి, రుణ కోటుల మొత్తం 24 బదులు 25 అవుతుంది. పి విలువ 0.0479, ఇంకా గీతకు కిందే.

ఈ దృఢత్వానికి చెల్లించే మూల్యం ఎంత? నార్మల్ విభాజనం నిజంగానే ఉన్నచోట గుర్తుల పరీక్ష సామర్థ్యం టి పరీక్షతో పోలిస్తే 2/π, మధ్యగతానికి వచ్చిన సంఖ్యే. ఇది కాకతాళీయం కాదు; మధ్యగతపు అంచనా, గుర్తుల పరీక్ష ఒకే వస్తువుకు రెండు ముఖాలు. గుర్తుల పరీక్షను తిరగేస్తే మధ్యగతానికి విశ్వాస అంతరం వస్తుంది: పేర్చిన తేడాల్లో నాలుగోది 8, పన్నెండోది 49, కనుక 96.5 శాతం విశ్వాసంతో మధ్యగతం 1 అంగుళం నుంచి 6⅛ అంగుళాల మధ్య అని చెప్పవచ్చు, విభాజనం ఏ ఆకారంలో ఉన్నా సరే. విల్‌కాక్సన్ పరీక్ష చెల్లించే మూల్యం ఇంకా తక్కువ. నార్మల్ విభాజనంలో దాని సామర్థ్యం 3/π, అంటే 95.5 శాతం. సమరూప విభాజనం ఎంత అననుకూలమైనదైనా అది 86.4 శాతానికి దిగదని జోసెఫ్ హాడ్జెస్, ఎరిక్ లేమన్ 1956లో నిరూపించారు. కొసలు మందంగా ఉన్నచోట మాత్రం టి పరీక్షను ఎన్నో రెట్లు మించిపోగలదు. నష్టానికి అడుగు ఉంది, లాభానికి పైకప్పు లేదు. ఇంత మంచి బేరం ఉన్నా టి పరీక్షే ఇప్పటికీ మొదట నోటికి రావడానికి అలవాటు తప్ప బలమైన కారణం కనిపించదు.

నాలుగింటినీ లెక్కగట్టి, చిన్న పి విలువ ఇచ్చినదాన్ని వ్యాసంలో పెట్టుకోవడం మాత్రం ఏ పద్ధతీ ఒప్పుకోదు. 5 శాతం అన్న హామీ, పరీక్షను దత్తాంశం చూడకముందే ఎంచుకున్నప్పటిది. చూశాక ఎంచుకుంటే, శూన్య పరికల్పన నిజమైనా తోసిపుచ్చే అవకాశం 5 శాతాన్ని దాటిపోతుంది, ఎంత దాటిందో ఎవరూ చెప్పలేని విధంగా. పైన నాలుగింటినీ పక్కపక్కన పెట్టింది పోల్చి చూడటానికే.

నాలుగు పరీక్షలూ కలిసి దాటవేసే ప్రశ్న ఇంకొకటుంది, అది వీటన్నిటికన్నా పెద్దది. 32,768 ఏర్పాట్లూ సమసంభావ్యాలన్న మాటకు ఆధారం ఏమిటి? ప్రతి జతలో ఏ గింజ ఏ వైపు నాటాలో నాణెం ఎగరేసి నిర్ణయించి ఉంటే ఆ సమసంభావ్యత ఊహ కాదు, ప్రయోగంలో జరిగిన వాస్తవం. డార్విన్ అలా చేయలేదు. ఆయన పద్ధతిలో లోపం అదొక్కటేనని ఫిషర్ ఎత్తిచూపాడు. పరపరాగపు మొక్కలకు వెలుతురు వైపు కాస్త ఎక్కువగా దక్కి ఉంటే, నాలుగు పరీక్షలూ ఆ వెలుతురునే కొలిచి, సంపర్కం ఖాతాలో వేస్తాయి. జతలు ఒకదానికొకటి స్వతంత్రమన్న ఊహ కూడా అంత గట్టిది కాదు. కుండీల వారీగా సగటు తేడాలు తీస్తే మొదటిదానిలో −3.3, రెండోదానిలో 15, మూడోదానిలో 33.6, నాలుగోదానిలో 27.75. ఒకే కుండీలో వేళ్లు పెనవేసుకుని పెరిగిన జతలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసి ఉంటే, స్వతంత్ర పరిశీలనలు పదిహేను కావు, అంతకన్నా తక్కువ. మరీ కఠినంగా కుండీనే ఒక పరిశీలనగా లెక్కగడితే మిగిలేవి నాలుగు. గుర్తుల ఏర్పాట్లు పదహారే. నాలుగు కుండీలూ ఒకే దిశలో మాట్లాడినా రెండు వైపుల పి విలువ 2/16, అంటే 0.125 కన్నా తగ్గదు. ఏ అపరామితీయ పరీక్షా అప్పుడు 5 శాతం గీత దరిదాపులకు రాలేదు. విభాజనపు ఆకారం గురించిన ఊహలను వదిలించుకోవడానికి అపరామితీయ పద్ధతులు సాయపడతాయి గానీ, స్వతంత్రత, యాదృచ్ఛికీకరణ అన్న ఊహల నుంచి అవి ఎవరినీ విడిపించవు. యాభై మొక్కలు కావాలన్న గాల్టన్ మాట ఈ కోణంలో చూస్తే కొట్టిపారేయదగ్గది కాదు, ఆయన లెక్క పద్ధతి తప్పే అయినా.

డార్విన్ అయితే మొక్కజొన్న ఒక్కదాని మీద ఆధారపడలేదు. ఐపోమియా అనే తీగ మొక్కను పది తరాల పాటు రెండు విధాలుగానూ పెంచి కొలిచినప్పుడు, పరపరాగపు మొక్కల సగటు ఎత్తు 100 అనుకుంటే స్వపరాగపు మొక్కలది 77గా తేలింది. ఇంకా అనేక జాతులను ఇలాగే పరీక్షించాడు. మొక్కజొన్న మీద మళ్లీ గట్టి సాక్ష్యం 1908 ప్రాంతంలో అమెరికాలో జార్జ్ షల్ ప్రయోగాలతో వచ్చింది. తరం తర్వాత తరం స్వపరాగ సంపర్కం చేయిస్తే మొక్కలు గిడసబారిపోయాయి. అలాంటి రెండు వేర్వేరు వంశాలను కలిపితే పుట్టిన తరం ఒక్కసారిగా పుంజుకుంది. అక్కడ తేడా అంగుళాల భిన్నాల్లో లేదు గనుక, ఏ పరీక్ష వాడాలన్న తర్జనభర్జనా పుట్టలేదు. సంకర మొక్కజొన్న విత్తన పరిశ్రమ మొత్తం దాని మీదే నిలబడింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు సంకర మొక్కజొన్న వేసినప్పుడు పంటలోంచి గింజ దాచుకోకుండా ప్రతిసారీ కొత్త విత్తనం కొనవలసి రావడానికి కారణమూ అదే. దాచుకున్న గింజతో వేసిన రెండో తరంలో ఆ పుంజుకోలు తగ్గిపోతుంది.